పాలకంకి సాక్ష్యం

ఆ రోజుల్లో శుక్రవారం మధ్యాహ్నాలు ఇప్పటికంటే కాస్త పొడుగ్గా ఉండేవని నాకొక నమ్మకం. (డైరీలు తీసి చూస్తే మిగతా రోజుల్లాగే వాటికీ ఒక్కటే పేజీ. అయినా నమ్మకం నమ్మకమే.) బహ్రెయిన్‌లో, జింజ్ పేటలో మా అమ్మాయి ఫ్లాటు కిటికీ పక్కన కూర్చుని పాత డైరీ తిరగేస్తుంటే ఇక్కడే కర్జకాన్ ఊరి దగ్గరి మా పనివాళ్ళ క్యాంపు గది, దాని ఏసీ గొణుగుడు, అన్నం తిని గోడకానుకుని సగం కళ్ళు మూసిన పదిహేను మంది ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చారు. అప్పుడు నేనక్కడ హాజరు రాసే టైంకీపర్ని. పాతికేళ్ళవాణ్ణి. అన్నీ పద్ధతి ప్రకారం జరగాలనే రోగం అప్పటికే ముదిరింది.

ఒక విల్లా మరమ్మతులో పారేసిన సామాన్లలో నాకొక ఇంగ్లీషు నవల దొరికింది. అట్ట ఊడిపోయింది కాబట్టి పేరు తెలియదు. వందల ఏళ్ళ కిందటి మెక్సికోలో, అజ్టెక్కుల రాజ్యంలో జరిగిన హత్య కథ. సరస్సు నడుమ పట్నం. పక్షి ఈకలతో కిరీటాలు కుట్టే పనివాడు తన గదిలో చచ్చిపడి ఉంటాడు. రోజులు లెక్కగట్టి రాసే ఒక ముసలి లేఖకుడు హంతకుణ్ణి వెతుకుతుంటాడు. (ఆ లేఖకుడు నాకెందుకు నచ్చాడో వేరే చెప్పాలా?) వారానికి ఒక్క అధ్యాయం, శుక్రవారం పొద్దున చదవడం, మధ్యాహ్నం తెలుగులో చెప్పడం. ముందుపేజీలు తొంగిచూడటం నిషేధం, నాక్కూడా.

మొదట్లో ఎవరూ చెవిన పెట్టలేదు. ఆ పట్నంవాళ్ళు మక్కరొట్టెలు, అంటే మొక్కజొన్న రొట్టెలు తింటారని, మిరపకాయ, టమాట నూరుకుంటారని చెప్పగానే మేమంతా కాక అని పిలిచే నిజామాబాద్ వైపు పెద్ద మేస్త్రి లేచి కూర్చున్నాడు. "మక్కలేస్తరా? ఇంక గా నోరు తిరగని పేరెందుకు సారూ, మనోళ్ళే అను!" అప్పట్నుంచి ఆ పట్నం మా క్యాంపుకు చుట్టాల ఊరైపోయింది. నీళ్ళమీద కట్టల దారులున్నాయంటే అందరూ సముద్రం మీదుగా విమానాశ్రయానికి పోయే ముహర్రక్ దారినే ఊహించుకున్నారు. నేనూ అంతే.

చివరి అధ్యాయానికి ముందు వారం గొడవ మొదలైంది. అనుమానం ఇద్దరిమీద మిగిలింది. ఒకడు గుడి పూజారి, రెండోవాడు సరస్సులో తోట వేసుకున్న తోటమాలి. గోదావరి వైపు మనిషైన మా ఫోర్‌మన్ కాలుమీద కాలేసుకుని తేల్చేశాడు. "పూజారేనండీ బాబూ! అంత మర్యాదగా మాట్లాడేవాణ్ణి నేను నమ్మను."

కాక తల అడ్డంగా ఊపాడు. "తోటోడే సంపిండు. ఆ దినం ఏడున్నవంటె లేత పాలకంకి కాల్చుకుంటున్న అన్నడు గద? కంకులెండినయ్, చొప్ప కోసిన్రని పోయిన వారమే జెప్పినవ్ సారూ. చొప్ప కోసినంక పాలకంకి ఏడికెల్లి వస్తది?"

"ఆ లేఖకుడికే దొరకనిది నీకు దొరికిందా కాకా?" అన్నాడు ఫోర్‌మన్.

"గాయిన ఎన్నడన్న మక్కేసిండా? మీసం పందెం!"

"సరే, మీసమే!"

ఓడినవాడు అక్కడికక్కడే మీసం తీసేయాలి. అనేశాక గానీ కాకకు గుర్తురాలేదు, వచ్చే శుక్రవారం సాయంత్రమే తన విమానమని. పదకొండేళ్ళ దుబాయి (మావైపు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే) ఖలాస్ చేసుకుని, ఇక మళ్ళీ రాకుండా ఇంటికి పోతున్నాడు. మావైపు తల్లో తండ్రో పోతేనే మగవాడు మీసం తీస్తాడు. కాక తల్లి ఆయన కోసమే ఎదురుచూస్తోంది. "అవ్వ బతికుండంగ బోడి మూతితోని ఎట్ల పోవాలె బిడ్డా?" అన్నాడు నా దగ్గర మెల్లగా. పందెం వెనక్కి తీసుకోమంటే మాత్రం, మాట మాటేనన్నాడు.

శుక్రవారం పొద్దున చివరి అధ్యాయం చదివాను. చంపింది పూజారే. ఆ పాలకంకి సంగతి లేఖకుడెలా వదిలేశాడా అని వెనక్కి తిప్పి వెతికాను. ఆ రోజు తోటలో ఉన్నానని తోటమాలి అన్న మాట నిజమే. కంకి మాత్రం పుస్తకంలో ఎక్కడా లేదు! ఆ కంకి నాది. చెబుతూ చెబుతూ మా చేను, నిప్పుల వాసన గుర్తొచ్చి, అడక్కుండానే అతని చేతిలో నేనొకటి పెట్టేశాను.

మధ్యాహ్నం గది నిండిపోయింది. తలుపు పక్కన తాడు బిగించిన కాక అట్టపెట్టె. ఊరికని నూనె రాసి దువ్విన మీసం. "కానియ్ సారూ," అన్నాడు. నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, లేఖకుడి చేత అచ్చం కాక మాటలే అడిగించాను. "చొప్ప కోసినంక పాలకంకి ఎక్కడిది?" తోటమాలి నేరం ఒప్పుకున్నాడు. గది కప్పు లేచిపోయింది. ఫోర్‌మన్ మాట తప్పని మనిషి, అద్దం, రేజరు తెప్పించుకున్నాడు. (తర్వాత నెలంతా మావాళ్ళు "ఎవరు పోయిన్రు సార్?" అంటూ ఆయన్ను పరామర్శించారు. ఆయన వెళ్ళే చర్చిలో ఆదరణ కోసం ప్రార్థన కూడా చేశారట.)

సాయంత్రం కాకను విమానాశ్రయానికి నేనే తీసుకెళ్ళాను. ముహర్రక్ దారికి రెండువైపులా సముద్రం బంగారు రంగు తిరిగి, ఎదుటి ఊరు నీళ్ళమీద తేలుతున్నట్టుంది. "గా పట్నం గిట్లనే ఉంటదేమో," అన్నాడు కాక కలలో మాట్లాడినట్టు. లోపలికి వెళ్ళేముందు నా భుజం పట్టుకున్నాడు. "బిడ్డా, కథ జెప్పేటప్పుడు ఎప్పుడు పేజీలు తిప్పుతనే ఉంటవ్. ఇయ్యాల ఒక్కటి గూడ తిప్పలె." మీసం దువ్వుకుని, నవ్వి, వెళ్ళిపోయాడు.

ఆనాటి డైరీలో ఉన్నది ఇంతే: "కథ అయిపోయింది. కాక ఇంటికి వెళ్ళాడు." ఎన్ని కప్పుల టీ తాగానో కూడా రాసుకునే ఆ కుర్రాడు హంతకుడెవరో మాత్రం రాయలేదు. అతన్ని చూస్తే ఇప్పుడు నాకు నవ్వూ వస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. ఒక్క తోటమాలి విషయంలోనే మనసు పీకుతుంది. పాపం, చెయ్యని నేరానికి పట్టించాను సరే, ఆ కంకి కాలేదాకానైనా ఆగాల్సింది.