దయ్యం లేని గోడ

నా ముంజేతి మీద ఏదో సన్నగా రాలింది, ఉప్పు చల్లినట్టు. చూస్తే సున్నం పొడి. కొండపల్లి కోటలో, కప్పు కూలిన ఆ మహల్లో గబ్బిలాల కంపు, పిల్లల కేకలు, ఫొటోలు తీస్తున్న మావారి మాటలు అన్నీ అలాగే ఉన్నాయి గానీ, నాకు మాత్రం చెవులు మూసుకుపోయినట్టయింది. తలెత్తాను. కమాను కింద, కిటికీ గూట్లో మా ఎనిమిదేళ్ల నిత్య కాళ్లూపుకుంటూ కూర్చుంది. దాని తల పైన పగులులో రావి మొక్క ఒకటి వేళ్లు దిగి ఉంది. పొడి అక్కడి నుంచే రాలుతోంది. నేనేమీ అరవలేదు. వెళ్లి, చంకల్లో చేతులు వేసి దాన్ని దించి, దాని తమ్ముడు బాబీని రెండో చేత్తో పట్టుకుని బయటికి, ఎండలోకి లాక్కొచ్చాను. గుమ్మం దాటామో లేదో, వెనక రాతి ముక్కలు కొన్ని రాలిపడ్డాయి. తిరిగి చూస్తే, నిత్య కూర్చున్న గూట్లోనే. పెద్దవేం కావు. కానీ ఎనిమిదేళ్ల తలకి అవి చాలు.

ఇబ్రహీంపట్నంలో మా క్వార్టర్సుకి వచ్చాక, మా అత్తగారు సంగతంతా విన్నారు. పిల్లలిద్దరికీ అన్నం కలిపి పెడుతూ, ఆ కోటలో ఒక దయ్యం ఉందని, కిటికీల్లో కూర్చునే పిల్లల్ని అది లాగేస్తుందని చెప్పారు. ప్రేమతోనే చెప్పారు. మావారు నవ్వి ఊరుకున్నారు. నిత్య తలొంచుకుని అన్నం తింది. ఐదేళ్ల బాబీ మాత్రం బాత్‌రూంకి కూడా నా కొంగు పట్టుకునే వచ్చాడు. నాకు హాయిగానే అనిపించింది. ఇక కోటకి వెళ్దామని ఎవరూ అడగరు. రోడ్డు మీద లారీ హారన్ మోగితే చాలు, పిల్లలెక్కడున్నారో చూసుకునే మనిషిని నేను. ఒక భయం తగ్గడమంటే నాకు తక్కువ సంగతి కాదు.

వాళ్లు పడుకున్నాక మార్తమ్మ టీచర్ గుర్తొచ్చారు. ఆ హాయి పోయింది.

తొంభైల్లో గన్నవరంలో నేను చదివిన బడిలో ఆవిడ సోషల్ చెప్పేవారు. పొడుగ్గా, గట్టి గొంతుతో, ఏ కాలమైనా చేతిలో నల్ల గొడుగుతో ఉండేవారు. ఆదివారం ఆవిడకి చర్చి ఉండేది కనుక మమ్మల్ని రెండో శనివారాల్లో బయల్దేరదీసేవారు. ఉండవల్లి గుహలు, ఘంటసాల బౌద్ధస్తూపం దిబ్బ, కొండపల్లి, బందరు, అన్నీ ఆర్టీసీ బస్సులోనే. బస్సులో అంత్యాక్షరి మొదలుపెడితే తలనొప్పని ఆపించేసేవారు. చేరగానే లోపలికి పోనిచ్చేవారు కాదు. బయటే కూర్చోబెట్టి, "పడిపోయింది ఎలాగూ పడిపోయింది. ఇక పడబోయేదేదో చూసి చెప్పండి" అనేవారు. మొక్క మొలిచిన పగులు, పొట్ట ఉబ్బిన గోడ, కింద కొత్తగా రాలిన పొడి, ఇవన్నీ వెతికేవాళ్లం. రాజుల పేర్లు ఆ తర్వాతే.

మొదటిసారి కొండపల్లిలో నేను లోపలికి రానని మొండికేశాను. తోటి పిల్లలు పిరికిదాన్నని వెక్కిరించారు. టీచర్ వాళ్లని కసరలేదు, నన్ను బుజ్జగించనూ లేదు.

"భయమేస్తోందా? ఎక్కడేస్తోందో వేలు పెట్టి చూపించు."

ఒక కమాను చూపించాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని దాన్ని కాసేపు చూశారు.

"సరే, దాని కిందకి ఎవరూ వెళ్లొద్దు. ఇంకెక్కడ?"

ఇంకెక్కడా చూపించలేకపోయాను. మిగతా కోటంతా తిరిగాను.

బందరు ప్రయాణం మాత్రం వేరు. అక్కడ పాతకాలపు డచ్చివాళ్ల సమాధులున్నాయి. ముందురోజు ప్రార్థనలో మా హెడ్మాస్టారు, గుంపు విడిచి వెళ్తే దొరల దయ్యాలు పట్టుకుంటాయని చెప్పారు. ఇద్దరు పిల్లలు జ్వరమని మానేశారు. బస్సు గుడివాడ దాటాక టీచర్ కమ్మీ పట్టుకుని లేచి నిలబడ్డారు.

"మాస్టారుగారు మీ మంచికే చెప్పారమ్మా. కానీ అక్కడ దయ్యాల్లేవు. పాములున్నాయి."

కండక్టరు కూడా నవ్వాడు. మేమూ నవ్వాం గానీ, ఆ రోజంతా అడుగు చూసుకునే వేశాం. గొడుగుతో గడ్డిని కొడుతూ ఆవిడ నడిచారు. రాళ్ల మీది అక్షరాలు తడిమి చూడమన్నారు. వాళ్ల దేశంలో గాలిమరలు నీళ్లు తోడి పోస్తాయని, అద్దకం బట్టల బేరానికి ఇంత దూరం వచ్చి చాలామంది జ్వరాలతో పోయారని చెప్పారు. ఒక చిన్న రాయి దగ్గర ఆగి, ఇది పసిబిడ్డదమ్మా అన్నారు. దయ్యాలకి భయపడి ఉంటే మేం ఆ రాయి దగ్గరికే వెళ్లేవాళ్లం కాదు.

సోమవారం హెడ్మాస్టారు ఆవిణ్ణి పిలిపించారు. చాక్‌పీసుల కోసం వెళ్లిన నేను గుమ్మంలోనే ఆగిపోయాను. పిల్లలు చెదిరిపోకుండా ఉండాలనే కదా చెప్పింది, అందరి ముందూ నా మాట తీసేస్తే ఎలాగని ఆయన నొచ్చుకుంటున్నారు. ఆవిడ గొంతు పెంచలేదు.

"మీ మాట తీసేయడం తప్పేనండి. కానీ దయ్యముందని చెబితే, దయ్యం లేని గోడ కింద ధైర్యంగా నిలబడతారండి పిల్లలు."

ఆ ఏడాది ఆయన మళ్లీ మమ్మల్ని ఎక్కడికీ పంపలేదు. మరుసటేడు ఆవిడకి కైకలూరు బదిలీ అయింది. నేను మళ్లీ చూడలేదు.

ఆ మాట అప్పట్లో నాకు తెలివైన జవాబులా మాత్రమే తోచింది. ఇప్పుడు పక్క గదిలో పిల్లలు నిద్రపోతుంటే వేరేలా వినిపిస్తోంది. నిత్య ఇక కోటకి వెళ్లదు, నిజమే. కానీ రోజూ స్కూలు ఆటో కోసం అది నిలబడేది మా వీధి చివర, ఒక పక్కకి ఒరిగిన పాత ప్రహరీ నీడలో. అక్కడ దయ్యముందని దానికి ఎవరూ చెప్పలేదు.

పొద్దున అత్తగారి ఎదుటే పిల్లలకి చెప్పాను. చాటుగా చెబితే ఆవిణ్ణి చిన్నబుచ్చినట్టవుతుంది. కోటలో దయ్యం లేదని, గోడ పాతదైపోయి సున్నం వదిలేసిందని, రాళ్లు అందుకే పడ్డాయని చెప్పాను. నిత్యని స్కూలు ఆటో కోసం ఇవాళ్టి నుంచి ఎదుటి వైపు నిలబడమన్నాను. ఆ ఒరిగిన గోడ దగ్గరికి తీసుకెళ్లి, అక్కడెందుకు నిలబడకూడదో చూపించి వెనక్కి తీసుకొచ్చాను. వచ్చే ఆదివారం మళ్లీ కొండపల్లి వెళ్దామన్నాను. అత్తగారు బాబీకి చొక్కా గుండీలు పెట్టారు.

నిత్య నా మొహంలోకి చూసి, "నీకు భయం కదమ్మా" అంది.

"భయమే. అందుకే ముందు నేను నడుస్తాను" అన్నాను.