ఉప్పునీళ్లలో ఎర్రలు

నా చిన్నప్పుడు మన్సూరాబాద్‌లో మా ఇంటి వెనక ఒక కుంట ఉండేది. ఇప్పుడు కుంటా లేదు, వెనకా లేదు. ఎటు చూసినా ఇళ్ల ముందులే. అయినా గట్టి వాన పడితే మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. మనుషులు మర్చిపోయినా కుంట తన చిరునామా మర్చిపోలేదు.

మా నాన్న ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో చాలాకాలం కిరాయికి ఉండి, చివరికి ఇక్కడ ఒక ప్లాటు కొన్నాడు. అది పక్కింటి పెద్దాయన పొలంలోది. అన్నదమ్ములందరూ అమ్ముదామంటే ఆయన ఒక్కడూ కాదనలేక సంతకం పెట్టాడట. పొలం ప్లాట్లయింది, మేము ఇల్లు కట్టుకున్న కొన్నేళ్లకు కుంటలో కూడా మట్టి పోశారు. పెద్దాయన చిన్నప్పటి నుంచి ఆ కుంటలో గాలం వేసిన మనిషి. పూడ్చిన రోజు నుంచి మాట్లాడడం మానేశాడు. కంచం ముందు పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు.

కుంట పూడ్చిన ఏడాది వేసవిలో మేము చీరాల దగ్గర మా అమ్మ పుట్టింటికి బయల్దేరుతుంటే, పెద్దాయన భార్య మా నాన్నను గోడ దగ్గరికి పిలిచింది. నేను ఆవిడను పెద్దమ్మా అనేవాణ్ణి.

"జర ఆయనను గూడ తీస్కపో తమ్మీ. నీళ్లు జూస్తెనన్న నోరిప్పుతడేమో," అంది.

నా నోటి సంగతి వేరు. దాన్ని ఎవరూ విప్పనక్కర్లేదు, మూయించడమే కష్టం. బడిలో నన్ను రేడియో అనేవాళ్లు. రేడియోకైనా కట్టేసే మీట ఉంటుందని మా అమ్మ బాధ.

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బస్సెక్కినప్పటి నుంచి దిగేదాకా పెద్దాయన ఒళ్లో ఒక రేకు డబ్బా ఉంది, మీద తడి గోనెగుడ్డ. అందులో ఏముందో తెలుసుకోవాలని నేను చాలా తిప్పలు పడ్డాను. మర్నాడు తాతయ్యతో, నాన్నతో కలిసి ఏరు సముద్రంలో కలిసే చోట ఇసుక మీద కూర్చున్నాక, ఆయనే మూత తీశాడు. నల్లమట్టిలో వానపాములు.

"మా కుంట ఎర్రలు," అన్నాడు. ఇల్లు వదిలాక ఆయన నోట వచ్చిన మొదటి మాట అదే.

వానపాముల్ని మా దగ్గర ఎర్రలంటారు. తాతయ్య గాలానికి గుచ్చేది ఎర, పెద్దాయనది ఎర్ర. తేడా ఒక్క వత్తే అనుకున్నాను గానీ, ఆ వత్తిడి ఎంతో ఆ రోజు తెలిసింది.

వానపాము ఉప్పునీళ్లలో పడితే చచ్చి తెల్లబడుతుందని, సముద్రపు చేప దాని ముఖం చూడదని కిందటి వేసవిలో నాకు చెప్పింది మా తాతయ్యే. ఆయన రిటైరైన మాస్టారు, చెప్పింది గుర్తుపెట్టుకున్న మనవడంటే ముద్దు. ఆ ముద్దు సంపాదిద్దామని నోరు తెరిచాను.

"తాతయ్యా, వానపాములు..."

"ఒరే, ఆ చెంబు పట్రా," అన్నాడు. తెచ్చాక, "ఒక గుక్క నోట్లో పోసుకో. నేను చెప్పేదాకా మింగకు," అన్నాడు.

నేను బుగ్గలు పూరించుకుని నిలబడి ఉండగా, తాతయ్య పెద్దాయన డబ్బాలోంచి ఒక వానపామును తీసి తన గాలానికి గుచ్చాడు. మా నాన్న వైపు ఒక చూపు చూశాడు. నాన్న పచ్చి రొయ్యల పొట్లాన్ని మెల్లగా సంచీలోకి తోసేసి, తనూ ఒక వానపామును తీసుకున్నాడు. నేను నీళ్లు మింగేశాను. మాట కూడా వాటితోపాటే దిగిపోయింది.

సాయంత్రం దాకా ఎండలో కూర్చున్నాం. ఒక్క చేప పడలేదు. కాస్త అవతల గాలాలు వేసిన వాళ్లకు పడుతూనే ఉన్నాయి. వాళ్లలో ఒకడు ఇటుగా వెళ్తూ ఆగాడు.

"ఏంటి మాస్టారూ, ఈయాల మీ గాలానికి ఏమొచ్చింది?"

"గాలానికేం రాలేదురా. చేపలకే ఏకాదశి," అన్నాడు తాతయ్య.

పెద్దాయన నవ్వలేదు. గాలం పైకి తీసినప్పుడల్లా ఆ తెల్లటి పురుగును కాసేపు చూసి, తీసేసి, ఇంకొకటి గుచ్చేవాడు. ఇంట్లో అమ్మమ్మ మసాలా నూరి ఎదురుచూసింది. ఆ పూట చారన్నం తిన్నాం.

తిరుగు ప్రయాణంలో ఆయన పక్క సీటు నాది. నాన్న ముందు సీట్లో నిద్రపోతున్నాడు. పెద్దాయన కిటికీలోంచి చూస్తూనే మాట్లాడడం మొదలుపెట్టాడు.

"రెండో ఎర్రకే ఎర్కయింది బిడ్డా. నీళ్లు నాలికె మీదేసుకుంటి. ఉప్పు."

"మరి చెప్పలేదేం?"

"ఎట్ల జెప్త? మీ తాత నా పరువు కోసమని పొద్దుందాక ఎండల గూసున్నడు. గాయన కష్టం ఖరాబు జేస్తనా?" నా వైపు తిరిగాడు. "ఆడ గూసున్నంత సేపు నా కుంట మీదనే ఉన్నట్టుండె. మీ తాతకు జెప్పకు. నాకు తెల్సిందని తెలిస్తే బాధపడ్తడు."

ఇంటికి చేరగానే పెద్దమ్మ నన్ను గోడ దగ్గరికి పిలిచింది.

"ఏమన్న మాట్లాడిండా బిడ్డా?"

"మాట్లాడాడు పెద్దమ్మా."

"ఏమన్నడు?"

ఒకరికి చెబితే అది చీరాల దాకా పోతుందని నా పదేళ్ల బుర్రకు తోచింది. నా అనుభవం అలాంటిది మరి. "సముద్రం పెద్దగా ఉందన్నాడు," అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "గంతేనా," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత పెద్దాయన ఎవరితోనూ అన్ని మాటలు మాట్లాడలేదు. రెండు వానాకాలాలు గడిచాక పోయాడు. తాతయ్య ఉత్తరాల్లో, పెద్దాయనకు ఆ రోజు ఏమీ అనుమానం రాలేదు కదా అని అడిగేవాడు. రాలేదని రాసేవాణ్ణి. అదే నమ్మకంతో ఆయనా వెళ్లిపోయాడు.

తెలిసిన నిజాన్ని వెంటనే ముఖాన కొట్టకూడదని ఆ ఇద్దరి మధ్య కూర్చుని నేర్చుకున్నాను. నాలాంటి వాగుడుకాయకు అది చిన్న చదువు కాదు. కానీ సగమే వంటబట్టింది. పెద్దాయన చెప్పొద్దన్నది తాతయ్యకు. పెద్దమ్మకు చెప్పొద్దనలేదు. కుంట పోయాక ఆయన ఒక పూటైనా తన కుంట మీద కూర్చున్నాడన్న మాట ఆవిడ వినవలసింది. ఈ తేడా నాకు తెలిసేసరికి గోడకు అవతల ఆవిడా లేదు. ఆవిడకు చేరవలసిన ఆ ఒక్క మాట ఇంకా నా దగ్గరే ఉంది.