సైరన్ సార్ మెచ్చుకున్న రోజు

పట్టా చేతికొచ్చిన కొత్తలో, లోకమంతా మన పాఠం కోసమే కాచుకుని కూర్చుందని అనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకు అలాగే అనిపించేది. కేజీఎఫ్‌లో బంగారు గనులు మూతపడి అప్పటికి కొన్నేళ్లయింది. సగం ఊరు పొద్దున్నే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పనికి పోతుంటే, నేను మా ఊరు టేకల్‌లో ఎదురు రైలెక్కి కేజీఎఫ్‌కు వెళ్లేదాన్ని, అదీ జైలుకు! (మా నాన్న బడిపంతులు. అమ్మాయి ఎక్కడ పనిచేస్తోందని ఎవరైనా అడిగితే "ఏదో ట్రైనింగులే" అని మాట మార్చేసేవాడు.) ఖైదీలను దారిలో పెట్టే పద్ధతుల్లో ఏవి నిజంగా పనిచేస్తాయో పరిశోధనలు చేసి తేల్చారు కదా, వాటిని సబ్‌జైలు వార్డర్లకు నేర్పడం నా ఉద్యోగం. తాత్కాలిక ఉద్యోగమే. చివరి రోజున బెంగళూరు నుంచి పెద్దసారు వచ్చి చూస్తాడు. ఆయనకు నచ్చితే పర్మినెంటు, నచ్చకపోతే ఇంటికి. ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం.

నా శిష్యుల్లో అందరికన్నా పెద్దవాడు హెడ్ వార్డరు. ఊరిగాంలో కంపెనీ ఇళ్ల వరసలో పుట్టి పెరిగిన గని కార్మికుడి కొడుకు, రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాడు. గనులతోపాటు షిఫ్టు సైరనూ ఆగిపోయాక ఆ లోటు ఈయన గొంతే తీరుస్తోందని అందరూ ఆయన్ని సైరన్ సార్ అనేవాళ్లు. "రేయ్ దున్నపోతా, ఇంగా పండుకోనుండావా?" అని ఆయన కేకేస్తే జైలులో వాళ్లేమో గానీ పక్క వీధి వాళ్లు లేచి కూర్చునేవారు. అలాంటి మనిషికి నేను చెప్పిన పాఠమేమిటంటే, ఒక్కసారి మందలించాలంటే నాలుగుసార్లు మెచ్చుకోవాలి. "పరిశోధనలు చెబుతున్నాయి సార్" అన్నాను. (ఆ మాట నాకు ఊతపదం.) ఆయన తల గోక్కున్నాడు. "నాలుగా? నా పెండ్లాన్నే ఇంతవరకూ మెచ్చుకోలేదమ్మా. ఈ నా కొడుకుల్లో మెచ్చుకునేదానికి ఏముండాది?" వెతికితే దొరుకుతుందన్నాను. "సరే తల్లీ, నీ ఉద్యోగం కోసరం వెతుకుతా" అన్నాడు. పాపం, ఇంట్లో సాధన కూడా మొదలుపెట్టాడు. ఉప్మా బాగుందన్నందుకు ఆవిడ కంగారుపడి నుదురు పట్టి చూసిందట, జ్వరమేమోనని. ఆ మాట చెబితే నేను పగలబడి నవ్వానే తప్ప, అందులో నాకూ ఒక పాఠం ఉందని తట్టలేదు.

చివరి రోజు పెద్దసారు రానే వచ్చాడు, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. వాకిట్లో ఒక కుర్రాడు చిమ్ముతున్నాడు. మూతపడిన గనిలో పాత ఇనుము ఎత్తుకుపోతూ దొరికినవాడు, అందుకే వాడిని అందరూ స్క్రాపు అనేవాళ్లు. సైరన్ సార్ గొంతు సవరించుకుని, ఎన్నడూ లేనంత మెత్తగా పిలిచాడు. "రాప్పా. వాకిలి ఎంత బాగా చిమ్మినావప్పా!" స్క్రాపు చిమ్మడం ఆపేశాడు. "చొక్కా గూడా శుభ్రంగా ఉండాది." వాడు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినైనా అంటున్నాడేమోనని. "మంచి పిల్లోడివి." నేను వేళ్లు మడుస్తూ లోలోపల పొంగిపోతున్నాను. "ధైర్యం గలవాడివి గూడా" అని నాలుగోదీ పూర్తి కాగానే, వాడు చీపురు వదిలేసి నేల మీద కూలబడ్డాడు.

"దాచిపెట్టొద్దండి సార్. చెప్పేయండి. మా అమ్మకి ఏమైంది?"

పెద్దసారు నా వైపు చూశాడు. నేను సైరన్ సార్ వైపు చూశాను. స్క్రాపు ఏడుస్తూనే చెప్పుకొచ్చాడు. "మా నాయన పోయిన దినం షిఫ్టు సారు ఇంటికొచ్చినాడు. ఎప్పుడూ మా తట్టు చూడనాయన, మా అమ్మతో కాఫీ బాగుండాదన్నాడు. నా తల నిమిరి మంచి పిల్లోడన్నాడు. అదంతా అయినాక చెప్పినాడు, గని లోపల రాయి పేలిందని." ఆ వరసల్లో పెరిగినవాళ్లకు పై అధికారి నోట తీపి మాట వచ్చిందంటే ఇంట్లో దీపం ఆరినట్టే. సైరన్ సార్ కూడా ఆ వరసల్లోని వాడే కాబట్టి ఆయన ముఖం నల్లబడింది. నా పాఠమంతా గాలికి పోయింది.

"రేయ్ గాడిదా! మీ అమ్మకేమిరా? గుండ్రాయి మాదిరి ఉండాది! నిన్న గేటు కాడ నాతో కొట్లాడి చేపల పులుసు ఇచ్చి పోలేదా? అంతా మెక్కి ఇప్పుడు ఏడస్తావా? చీపురెత్తుకోరా!"

స్క్రాపు ముఖం విప్పారింది. కళ్లు తుడుచుకుని, చిమ్మిన వాకిలే మళ్లీ మొదటినుంచి చిమ్మాడు. పెద్దసారు నన్ను "ఇది ఏ పద్ధతమ్మా?" అని అడిగాడు. నేను చదివిన పుస్తకాల్లో ఆ పద్ధతి లేదు.

వెళ్లేముందు పెద్దసారు సైరన్ సార్‌ను పక్కకు పిలిచి ఏదో మాట్లాడాడు. ఆ సాయంత్రం సైరన్ సార్ ఎన్నడూ లేనిది నన్ను దిగబెట్టడానికి ఊరిగాం స్టేషనుకు వచ్చాడు. బెంచీ మీద కూర్చుని, "చాలా బాగా చెప్పినావు తల్లీ" అన్నాడు. "నీకుండే ఓపిక ఎవరికీ లేదు. మీ నాయన పుణ్యాత్ముడు."

"దాచిపెట్టొద్దు సార్. నా ఉద్యోగం పోయిందా?"

ఆయన తల వంచుకున్నాడు. "నువ్వే మెల్లగా చెప్పు అనినాడమ్మా ఆయన. ఎట్ల చెప్పేదో నాకు తెలీలే." నేను చిన్నపిల్లలా భోరుమన్నాను. ఆయన కాసేపు కంగారుగా అటూ ఇటూ చూశాడు. ఇక తట్టుకోలేక గొంతెత్తాడు. "ఏయ్! ఎవరన్నా చచ్చిపోయినారా? ఇంత చదువుకుని ప్లాట్‌ఫారం మీద ఏడస్తావా, సిగ్గు లేదా? నీ అంత మొండిదానికి ఇంగో ఉద్యోగం దొరకదా? లే! రైలొస్తాండాది!" ప్లాట్‌ఫారం మొత్తం మా వైపు తిరిగింది. నేను మాత్రం లేచి కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాను. ఎక్కడినుంచి వచ్చిందో గానీ ధైర్యం వచ్చేసింది.

ఆయన అన్నట్టే ఇంకోచోట ఇదే పని దొరికింది. తర్వాత చాలా జైళ్లు తిరిగాను. మెచ్చుకోళ్ల పాఠం ఇప్పటికీ చెబుతాను, అది మంచి పాఠమే. కాకపోతే మీ ఊళ్లో తీపి మాట ఎవరు, ఎప్పుడు మాట్లాడతారని ముందు అడుగుతాను. సైరన్ సార్ పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు శిక్షణ ముగిశాక కుర్ర వార్డర్లు వచ్చి "అద్భుతంగా చెప్పారు మేడమ్" అంటారు, నేను ఆ వయసులోని నన్ను తలచుకుని నవ్వుకుంటాను. మెచ్చుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. లే అని గట్టిగా ఒక తిట్టు తిట్టేవాళ్లే ఎవరూ మిగల్లేదు.