చిన్నమ్మ చేతికి తెలిసిన దారి

రెండు వారాల కింద శుక్రవారం పొద్దున ధర్మవరం నుంచి మా చిన్నమ్మ కూతురు, నా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నా, అమ్మ నిద్ర లేయల్యా" అని ఫోన్ పెట్టేసింది. హిందూపురం స్టేషనుకు పోయి దొరికిన రైలెక్కాను. పెనుకొండ దాటేదాకా నాకు ఏడుపు రాలేదు.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు, నా మొదటి గురువు కూడా. రోజూ రైల్లో వచ్చి హిందూపురంలో ఒక కంప్యూటర్ సెంటర్లో వెబ్ డిజైన్ నేర్పేది. ఈ రోజు నేను తింటున్న కూడు ఆమె నేర్పిన పనిదే.

ఆమెకు రేచీకటితో మొదలై చూపు పక్కల నుంచి మూసుకుంటూ వచ్చింది. చివరికి నడిమధ్యన కాస్త వెలుతురు మిగిలింది. ఉద్యోగం మాని ఇంట్లో కూర్చుంది గానీ ఊరికే కూర్చోలేదు. చిన్నాన్న మగ్గం నేస్తాడు. ఆ వీధి నేతగాళ్ల చీరలకు ఒక వెబ్‌సైట్ మొదలుపెట్టింది. ప్రతి చీర కిందా నేసినవాళ్ల పేరూ ఫోన్ నంబరూ రాసేది. రంగులు సరిగా కనపడవు కాబట్టి చిన్నాన్నను అడిగేది: "ఇది కుంకుమ ఎరుపా, మిరపపండు ఎరుపా?" వెబ్ పేజీలో ఒక్కో రంగుకు ఒక్కో నంబరుంటుంది; ఆయన చెప్పగానే అది టైపు చేసేది.

అదంతా చేసింది చూపున్న రోజుల్లో నేర్చుకున్న పాత సాఫ్ట్‌వేరులోనే. అది నడిచే ఆపరేటింగ్ సిస్టంను కంపెనీవాళ్లు ఎప్పుడో వదిలేశారు. కొత్త కంప్యూటర్లలో ఆ సాఫ్ట్‌వేరు ఎక్కదు. ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే చెల్లెలు, తల్లి అవస్థ చూడలేక కొత్త ల్యాప్‌టాప్ కొనిచ్చింది. చిన్నమ్మ మధ్యాహ్నమంతా దాని ముందు కూర్చుని, మెల్లగా మూత మూసింది.

"అన్నీ కదిలిపోయినాయి పాపా. ఆ పాతదాంట్లో యాడేముండాదో నా చేతికి తెలుసు. దీంట్లో నేను నిజంగా గుడ్డిదాన్నే."

ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. చెల్లెలు వంటింట్లోకి పోయి చాలాసేపటికి గానీ బయటికి రాలేదు.

ఆ పాత కంప్యూటర్ మిషన్‌లో ఇంటర్నెట్ పెడితే సైట్లు తెరుచుకునేవి కావు, వైరస్ భయం వేరే. అందుకని నెట్ తీసేశాను. ఆమె చేసిన పేజీలను ఆదివారాలు పోయి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని నా ల్యాప్‌టాప్ నుంచి ఎక్కించేవాణ్ణి. ఎక్కించాక చదివి వినిపించాలి. ఒక్క అక్షరం తప్పినా ఒప్పుకునేది కాదు. "పేరు తప్పు రాస్తే మనిషిని మార్చినట్లే గదప్పా" అనేది.

ఒకసారి బెంగుళూరు నుంచి ఎవరో సైట్ చూసి వీధి చివరి ముసలామెకు ఫోన్ చేశారు. ఆ ముసలామె వచ్చి చిన్నమ్మ చేతులు పట్టుకుంది. "ఇన్నేండ్లు నేసినా ఇది నీవు నేసిందా అని అడిగినోళ్లు ల్యారమ్మా. ఈ పొద్దు నన్ను పేరు పెట్టి అడిగినారు."

పోయిన ఎండాకాలం ఆ మిషన్ ఆగిపోయింది. చిన్నమ్మ అన్నం సరిగా తినలేదు. హిందూపురంలో పాత కంప్యూటర్లు బాగుచేసే భాయ్ దగ్గరికి చిన్నమ్మా నేనూ తీసుకుపోయాం. ఆయన ఇంకో పాత మిషన్ విప్పి, దాని భాగాలు వేసి ప్రాణం పోశాడు.

"ఇది ఇంకెన్నాళ్లు నడుస్తాదో నేను చెప్పలేనమ్మా."

"నాకు మాత్రం ఎవరు చెప్పినారు భాయ్, నడిచినన్నాళ్లు నడవనీ" అని నవ్వింది చిన్నమ్మ.

మిషన్ ఇంకా నడుస్తూనే ఉంది. ఆమె గుండే ఆగింది, నిద్రలో.

దినాలైన మర్నాడు నేను బయలుదేరుతుంటే లోపల గదిలో కంప్యూటర్ చప్పుడైంది. తొంగిచూశాను. సగంలో ఆగిన చీర పేజీ ముందు చెల్లెలు కూర్చుని ఉంది. తెర వైపు చూడటం లేదు. కళ్లు గట్టిగా మూసుకుని, తల్లి వేళ్లకు అరిగి నున్నబడ్డ కీబోర్డు మీటలను ఒక్కొక్కటే తడుముతూ ఉంది.