పదిహేడో బిళ్ళ

మా వదినని అందరూ లాంతరక్క అంటారు. ఊరి పక్కనున్న కొండగుహ చూడడానికి వచ్చేవాళ్ళకి లాంతరు పట్టుకుని దారి చూపించడం ఆమె పని. పంతొమ్మిదేళ్ళుగా చేస్తోంది. గుహ ముందు టీకొట్టు నాది. ఆమె లోపలికి వెళ్ళి వచ్చేదాకా నా చెవి ఒకటి అటే ఉంటుంది. లోపల ఒకచోట నడుం వంచి వెళ్ళాలి. కొండమీద వాన పడితే ముందు నీళ్ళు చేరేది అక్కడే.

గుహకి మనుషుల్ని పంపే ఆఫీసులు రెండు. ఒకటి పర్యాటక ఆఫీసు, గుహ పక్కనే. రెండోది మెట్ల కిందున్న గ్రామ సంఘం. ఊళ్ళోవాళ్ళ తేనె అమ్మిపెడుతుంది, వచ్చినవాళ్ళకి గదులు చూపిస్తుంది. రెండూ తోటికోడళ్ళ లెక్క. పొయ్యి ఒకటే, మాటల్లేవు.

లోపలికి వెళ్ళేవాళ్ళకి నంబరున్న బిళ్ళ ఇస్తారు. బయటికొచ్చాక దాన్ని చెక్కమీది మేకుకి తగిలించాలి. మేకు ఖాళీగా ఉంటే మనిషి లోపలున్నట్టు. కానీ ఎవరి చెక్క వాళ్ళది. పర్యాటకం వాళ్ళవి నీలం బిళ్ళలు, సంఘం వాళ్ళవి ఎర్రవి.

"రెండూ ఒక్క చెక్కకి తగిలించండయ్యా" అని వదిన మొత్తుకునేది.

"వాళ్ళని వచ్చి అడగమను" అని ఇటువాళ్ళు. "మాకేం ఖర్మ" అని అటువాళ్ళు.

ఒకరోజు మధ్యాహ్నం కొండమీద మబ్బు నల్లగా కమ్మింది. వదిన అందరినీ బయటికి తోలుకొచ్చింది. పర్యాటక గుమాస్తా చెక్కమీది బిళ్ళలు లెక్కపెట్టాడు. పదిహేడో మేకు ఖాళీ.

"ఎవడో జేబులో వేసుకుపోయుంటాడులే అక్కా."

"ఉంటాడులే అంటే ఎలా బాబూ? లోపలుంటే?" అని వదిన నావైపు తిరిగింది. "ఆ మనిషి అటేమైనా వచ్చాడేమో నువ్వు సంఘంలో అడిగిరా. నేనీలోగా చూసొస్తా. మీ అన్నయ్యకి చెప్పకు, కేకలేస్తాడు."

మెట్లు దిగుతుంటే చినుకులు మొదలయ్యాయి. సంఘం మేడమ్ తేనె సీసాలకి కాగితాలు అంటిస్తోంది. నేనడగ్గానే సొరుగు లాగింది. నీలం బిళ్ళ. పదిహేడు.

"పొద్దున ఎవరో తేనెకొచ్చి ఇచ్చేసి పోయారు. వాళ్ళదేగా, వాళ్ళే వచ్చి అడుగుతారని..."

లేని మనిషి కోసం వదిన లోపల వెతుకుతోంది.

బిళ్ళ లాక్కుని పైకి పరిగెత్తాను. గుహలోంచి ఎర్రనీళ్ళు వస్తున్నాయి. "వదినా" అని అరిస్తే నా గొంతే తిరిగొచ్చింది. వెనకే మేడమ్ చెప్పుల్లేకుండా వచ్చింది, చేతిలో సంఘం పెద్ద టార్చి. తాడు పర్యాటక ఆఫీసులో ఉంది. గుమాస్తా దాన్ని నా నడుముకి కట్టాడు. మేడమ్ టార్చి నా చేతికిచ్చింది. రెండో కొస ఇద్దరూ కలిసి పట్టుకున్నారు.

వంగే చోటికి వెళ్ళేసరికి నీళ్ళు నా నడుందాకా వచ్చాయి. అవతల చీకటి. లాంతరు ఆరిపోయినట్టుంది. ఆ చీకట్లోంచి వదిన గొంతు, నిదానంగా, పసిపిల్లాడితో మాట్లాడినట్టు.

"పదిహేడో నంబరు బాబూ, భయపడకు. ఉన్నచోటే ఉండు. నేనొస్తున్నా."

"వదినా, ఎవరూ లేరు. ఇటు రా."

"నామీద ఒట్టేసి చెప్పు."

చెయ్యి చాపి బిళ్ళ ఆమె చేతిలో పెట్టాను. బొటనవేలితో అంకె తడిమింది. అప్పుడుగానీ కదల్లేదు.

బయటికొచ్చాక పళ్ళు టకటక కొట్టుకుంటున్నా కొట్టుముందు బల్లమీద కూర్చుంది. తడిచీర మార్చుకోమంటే వినలేదు. గుమాస్తానీ మేడమ్‌నీ చూసి ఒక్కటే అడిగింది.

"సుత్తి ఎవరి దగ్గరుంది?"

ఇప్పుడు చెక్క ఒకటే, నా కొట్టు గోడకి. ఎరుపూ నీలం కలిసి వేలాడుతుంటాయి. మబ్బు పట్టిందంటే గుమాస్తా, మేడమ్ ఇద్దరూ వచ్చి దానిముందు నిలబడతారు. మేకులన్నీ నిండేదాకా ముగ్గురిలో ఎవరమూ టీ ముట్టుకోం.