ఉండాలా, ఉండాదా

నిన్న బెంగళూరు మహదేవపుర ఆఫీసులో రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నేను రాసిన నాలుగు లైన్లను, కోడు సరిచూసే కంపైలర్ ముచ్చటగా మూడోసారి తిప్పికొట్టింది. నేను వాడబోయే విలువ అప్పటిదాకా మెమరీలో ఉండదని దాని గొడవ. పక్క సీటు అమ్మాయి నా తరఫున విసుక్కుంది. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఇదే ప్రశ్న పదేళ్ల కిందట నన్ను ఒక మనిషి అడిగేది, అదీ చిక్కపేట తెలుగులో.

ఆవిడ మా టీములో అందరికంటే సీనియర్. చిక్కపేటలో వాళ్లది మూడు తరాల బట్టల కొట్టు. అందరం అక్కా అనేవాళ్లం. ఆసుపత్రుల్లో పసిబిడ్డల గుండె వేగం చూపించే యంత్రానికి మేము సీ భాషలో ప్రోగ్రాం రాసేవాళ్లం. అందులో మెమరీలో చోటు తీసుకోవడం, పనయ్యాక వదిలేయడం రాసేవాడి బాధ్యతే. వదిలేసిన చోటు అడ్రసును ఇంకెక్కడో పట్టుకుని కూర్చున్నా అడిగే నాథుడు ఉండడు. అందుకే అక్క ప్రతి అడ్రసు దగ్గరా స్క్రీను మీద వేలు ఆనించి, "ఇది ఇంకా ఉండాదా అప్పా?" అనేది. తెనాలి నుంచి కొత్తగా దిగిన నా చెవికి అది "ఉండాలా?" అని వినపడేది. "ఉండాలక్కా" అనేవాణ్ణి ధీమాగా. ఆవిడ నా వంక వింతగా చూసి, తనే కూర్చుని వెతుక్కునేది. నా మాట నమ్మదని లోలోపల ఉడుక్కునేవాణ్ణి.

మర్నాడు యంత్రం ఆసుపత్రికి వెళ్లాలనగా, అక్క సెన్సార్ క్లిప్పును తన వేలికి తగిలించుకుంది. తెర మీద డెబ్బై రెండు. కొత్త పేషెంటు అని నొక్కి, వేలు బయటికి తీసేసింది. డెబ్బై రెండు అలాగే నిలబడి ఉంది. పాత పేషెంటు చోటును ప్రోగ్రాం వదిలేసినా, నా కోడు ఆ అడ్రసు నుంచే చదువుతోంది. ఒక బిడ్డ గుండె ఆగిపోయినా తెర మీద ముందు బిడ్డ గుండె కొట్టుకుంటూనే ఉంటుందన్నమాట.

"ఉండాలి అంటివి కదప్పా?"

"మీరు ఉండాలా అని అడిగారు కదక్కా!"

"అయ్యో దేవరే! ఉండాలనేది నీ ఆశ. ఉండాదా లేదా, అది చూడాల." ఆవిడ తెలుగులో ఉండాదా అంటే ఉందా అని నాకు అప్పుడు వెలిగింది.

మేనేజరు ఎగిరిపడ్డాడు. "ఇది పంపేది లేదు సార్. ఎవరన్నా అడిగితే నేను ఆపినానని చెప్పండి" అంది అక్క, గొంతు పెంచకుండా. యంత్రం వారం ఆగింది. తప్పు నాదని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అంత గౌరవం నాకు ఆఫీసులో మరెవరి మీదా కలగలేదు.

అక్క రిటైరైంది. ఆ యంత్రం పక్కన పడుకున్న పిల్లలు ఈపాటికి బడికి పోతుంటారు. వాళ్ల అమ్మలెవరికీ ఆవిడ తెలియదు. జరగకుండా ఆగిపోయినదాన్ని కాలం గుర్తుపెట్టుకోదు.