ఆయన వైపు వైరు

ఆ వీధిలో ఎవరింట్లో రేడియో మూగబోయినా, ఏ హాల్లో స్పీకరు గురక పెట్టినా అందరూ పరిగెత్తేది సాల్డరక్క దగ్గరికే. ఆవిడకి అసలు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా దానికి పని పడలేదు. తండ్రి ఆవిడకి ఇచ్చిపోయిన ఆస్తి ఒక పొడుగాటి చెక్కబల్ల, దాని సొరుగుల నిండా పాత రేడియోల పేగులు, శబ్దం శుభ్రంగా ఉండి తీరాలన్న మొండిపట్టు. ఆవిడ బాగుచేసిన స్పీకరులో చిన్న గరగర మిగిలినా సరే, పట్టుకెళ్ళిన వాళ్ళ ఇంటికే వెళ్ళి మరీ వెనక్కి లాక్కొచ్చేది.

అలాంటి మనిషి గిటారు వాయించేవాణ్ణి కట్టుకుంది. ఆయన పెళ్ళి హాళ్ళలో, హోటళ్ళలో వాయించే బ్యాండులో ఉండేవాడు. డ్రమ్ములు ఆయన తమ్ముడివి. పగలంతా ఆయన షాపులోనే ఓ మూల స్టూలు మీద కూర్చుని తీగలు మార్చుకుంటూ, భార్యని ఇంజనీరు గారూ అని ఆటపట్టిస్తూ ఉండేవాడు. ఆవిడ విసుక్కునేది గానీ, ఆ పిలుపు వినబడని రోజు ఆవిడకి టంకం సరిగ్గా అతికేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆయన బల్ల మీద మోచేతులు ఆనించి, "ఇంజనీరు గారూ, నాకో ఓవర్‌డ్రైవ్ పెడల్ చేసిపెట్టాలి," అన్నాడు. కాలితో నొక్కే చిన్న డబ్బా అది. గిటారు శబ్దం అందులోకి శుభ్రంగా వెళ్ళి, కాస్త గరుకెక్కి, వేడెక్కి బయటికొస్తుంది.

"గరగర కావాలా మీకు? పాతికేళ్ళ నుంచి ఊరందరి గరగరా తీసి బతుకుతున్నదాన్నండీ. ఇప్పుడు నా చేత్తో నేనే పెట్టాలా?"

"అది పాడైపోయిన గరగర. నాకు కావలసింది బాగుపడ్డ గరగర."

"ఆ రెండింటికీ తేడా ఏంటో కాస్త సెలవిస్తారా?"

"వాయిస్తుంటే నువ్వే పట్టుకుంటావులే. నీ చెవులు నా చెవులకంటే మంచివి."

ఆ మాట ఆ రోజు ఇద్దరికీ ముద్దుమాటలాగే తోచింది.

ఆవిడ చించేసిన క్యాలెండరు కాగితం వెనక బొమ్మ గీసుకుంది. ఒక చిప్పు శబ్దాన్ని పెంచుతుంది. పెరిగిన శబ్దం ఒక ఎత్తు దాటగానే, ఎదురుబొదురుగా పెట్టిన రెండు డయోడ్లు దాని తల కత్తిరిస్తాయి. ఆ కత్తిరించిన చోటే గరుకు పుడుతుంది. చదవడానికి ఇంతే. చేసి చూస్తే మొదటిసారి ఆయన రెండు తీగలు మీటి, "దోమ గిటారు వాయిస్తున్నట్టుంది," అన్నాడు. రెండోసారి, "ఇప్పుడా దోమకి జలుబు చేసింది," అన్నాడు. ఆవిడ పళ్ళు కొరుక్కుని మళ్ళీ కూర్చుంది. పదకొండు రోజులు అదే పని. ఊళ్ళోవాళ్ళ రేడియోలు అరల్లో వరసగా పడిగాపులు పడ్డాయి.

పన్నెండో రోజు ఒక డయోడు తీసేసి, దాని చోట నాన్న పాత రేడియోలోంచి ఊడదీసిన గాజు డయోడు పెట్టింది. ఇప్పుడు ఒక పక్క తొందరగా, మెత్తగా కత్తిరిస్తుంది. రెండో పక్క ఆలస్యంగా, గట్టిగా. ఆయన ఒక్కసారి మీటాడు. ఆ శబ్దం అంతా ఆరిపోయేదాకా విని, కళ్ళు తుడుచుకుని, "ఇది నా గొంతే," అన్నాడు. ఆవిడకి ఒళ్ళు పొంగిపోయింది. మేకులు వేసుకునే అల్యూమినియం డబ్బాకి చిల్లులు పొడిచి, కిటికీలకి వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు పూసి, అడుగున నాలుగు మరలు బిగించి ఇచ్చింది.

ఆ రోజుల్లోనే బ్యాండులో పెద్ద గిటారాయన ఒకాయన ఉండేవాడు. ముసలితనంతో ఆయనకి చెవులు పోయాయి. ఆయన శ్రుతి తప్పి వాయిస్తుంటే వేదిక కింద జనం మోచేతులతో పొడుచుకుని నవ్వేవాళ్ళు. ఒకసారి అది చూసి ఇంటికొచ్చాక మొగుడు ఆవిడతో అన్నాడు, "నాకా గతి పడితే ముందు నువ్వే చెప్పాలి. ఆ రోజే గిటారు గోడకి తగిలించేస్తాను. నవ్వులపాలు మాత్రం కాను. మాటివ్వు."

"అలాగేనండీ, ఇచ్చాను. లేచి చేతులు కడుక్కోండి," అంది ఆవిడ. ఎంత తేలిగ్గా ఇచ్చేసిందో మాట!

నాలుగేళ్ళు ఆ ఆకుపచ్చ డబ్బా ఆయన కాలి కింద హాయిగా పాడింది. ఐదో ఏడు ఆయన దాన్ని బల్ల మీద పెట్టి, "దీనికి ముసురు పట్టింది. సన్నని శబ్దం రావట్లేదు," అన్నాడు. లోపల ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. దాన్ని ఇంకా చిన్నదిగా మారిస్తే సన్నని శబ్దం ఎక్కువ బయటికొస్తుంది. ఆవిడ మార్చింది. మూడు వారాలకి మళ్ళీ తెచ్చాడు. మళ్ళీ మార్చింది. ఇంకో నెలకి మళ్ళీ. తన చెవులకి అది గాజుపెంకు గీసినట్టు ఉంటే, ఆయన మాత్రం, "ఆఁ, ఇప్పుడు కొంచెం నయం," అంటున్నాడు.

ఒక రోజు ఆయన లేని వేళ చూసుకుని మరిది వచ్చాడు.

"వదినా, ఏమనుకోకు. అన్నయ్య పెడల్ నొక్కితే ముందు వరస వాళ్ళు లేచిపోతున్నారు. చెవుల్లో సూదులు గుచ్చినట్టుంది. ఎవరైనా చెప్పబోతే వాళ్ళ మీదికే లేస్తున్నాడు. బ్యాండులో వేరే మనిషిని చూద్దామంటున్నారు."

ఆ మధ్యాహ్నమే ఆవిడ ఒక స్పీకరు పరీక్షించే నెపంతో టోన్ మెషీను బయటికి తీసింది. ఆయన ఎప్పటిలాగే స్టూలు మీద ఉన్నాడు. నాబ్ తిప్పుతూ పోయింది. శబ్దం లావు నుంచి సన్నగా, సన్నం నుంచి ఇంకా సన్నగా పైకెక్కుతోంది. గుమ్మంలో పడుకున్న పిల్లి చెవులు రిక్కించి, లేచి, బయటికి పరిగెత్తింది. మీటరు ముల్లు వణుకుతూనే ఉంది.

ఆయన తలెత్తి, "ఆపేశావేం? అయిపోయిందా?" అన్నాడు.

షాపంతా కీచుమంటోంది. ఆయన ప్రశాంతంగా తీగ మెలిపెట్టుకుంటున్నాడు. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇచ్చిన మాటా గుర్తొచ్చింది. గోడ మీద ఖాళీగా ఉన్న మేకు కూడా కనబడింది.

"అయిపోయిందండీ," అని మెషీను ఆపేసింది.

డాక్టరు దగ్గరికి వెళ్దాం రమ్మని రెండుసార్లు అడిగింది. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను," అని కొట్టిపారేశాడు. మూడోసారి ఆవిడ అడగలేదు. అడిగి ఉండాల్సింది. కాలర్ పట్టుకుని అయినా తీసుకెళ్ళాల్సింది. భయం వేసి ఊరుకుంది. ఊరుకోవడమే కాదు, తనకి చేతనైన పని చేసింది.

డబ్బాకి ఇంకో కన్నం పొడిచింది. ఇప్పుడు గిటారు శబ్దం లోపల రెండు దార్లుగా చీలుతుంది. ఒక దారిలో మొదట్లో ఉన్న కెపాసిటరే మళ్ళీ పెట్టింది. అది హాలుకి వెళ్ళే వైరు. రెండో దారిలో అతి చిన్న కెపాసిటర్ పెట్టి, శబ్దాన్ని ఇంకాస్త పెంచింది. అది ఆయన పక్కనే, ఆయన వైపు తిరిగి ఉండే చిన్న స్పీకరుకి. డబ్బా పైన శబ్దం పెంచుకునే నాబ్‌ని కూడా ఆయన దారికే కలిపింది. ఆయన ఎంత తిప్పుకున్నా హాలుకి ఏమీ తెలియదు. హాలు వైరు చివర ఎర్ర టేపు చుట్టింది.

"ఇది మీకోసం. మీ వాయింపు మీకు బాగా వినబడాలి కదా," అంది.

"ఇంజనీరువంటే నువ్వేనే!" అని ఆయన మురిసిపోయాడు. ఆ మురిపెం చూసి ఆవిడ వంటగదిలోకి వెళ్ళి కాసేపు కుళాయి తిప్పి నిలబడింది.

రెండేళ్ళు గడిచాయి. ముందు వరసవాళ్ళు కదలకుండా కూర్చున్నారు. ఇద్దరు ముగ్గురైతే వేదిక దగ్గరికొచ్చి, "గిటారు కమ్మగా ఉందండీ," అని మరీ వెళ్ళారు. వెనకాల మరిది చెవుల్లో దూది కుక్కుకుని డ్రమ్ములు వాయించేవాడు. డబ్బా ఇంటికొచ్చిన ప్రతిసారీ ఆవిడ ముందు నాబ్ చూసేది. గడియారం లెక్కన తొమ్మిది దగ్గర మొదలైన దాని గీత పన్నెండుకి వచ్చింది, రెండుకి వచ్చింది, నాలుగు దాటింది. ఆ తరవాత తిరగడానికి చోటు లేదు. ఆయన చెవుల్లో ఎంత మిగిలిందో ఆయనకంటే ముందు ఆవిడకి తెలిసేది. ఆ సంగతి చెప్పుకుని ఏడవడానికి ఒక్క మనిషి లేడు. ఏ సంగతైనా ఆవిడ చెప్పుకునేది ఆయనకే కదా.

ఒక కొత్త హాల్లో, వేదిక సర్దే మనిషి వైర్లు తారుమారు చేశాడు. ఎర్ర టేపు చిన్న స్పీకరుకి పోయింది. ఆ రోజు ఆవిడ రెండో వరసలో ఉంది. ఆయన పెడల్ నొక్కి మొదటి మోత మోగించగానే హాలంతా చెవులు మూసుకుంది. ఆయనకేమో దుప్పటి కప్పినట్టు ఏదో మూలుగు వినబడింది. వంగి చూశాడు. వైర్లు తీసి, అటుది ఇటు పెట్టి మళ్ళీ మీటాడు. ఈసారి ఆయనకి వినబడింది. జనం చెవుల మీంచి చేతులు దించారు.

ఆయన అలాగే వంగి ఉండిపోయాడు. మళ్ళీ వైర్లు మార్చాడు. మీటాడు. జనం ముఖాలు చూశాడు. మళ్ళీ మార్చాడు. స్పీకర్లు బాగుచేసేదాని మొగుడు కదా, పరీక్ష ఎలా చేయాలో ఆయనకీ తెలుసు. లేచి నేరుగా రెండో వరసలోకి చూశాడు. ఆవిడ తల వంచుకుంది. మిగతా పాటలన్నిటికీ ఆయన వేళ్ళు తీగల మీద తాకీ తాకకుండా ఆడాయంతే.

ఇంటికొచ్చాక చెప్పులు విప్పకుండానే అడిగాడు.

"రెండేళ్ళు వాళ్ళు విన్నదేంటి?"

"మీరు వాయించిందేనండీ." ఆవిడ గొంతు పెద్దది చేసి చెప్పాల్సి వచ్చింది.

"కాదు. నువ్వు దిద్దింది."

"చెప్తే మానేస్తారని భయమేసింది."

"మానేసేవాణ్ణే," అన్నాడు ఆయన. "కానీ నేనే మానేసేవాణ్ణి. నా చేత్తో నేను."

కోప్పడి ఉంటే ఆవిడ బతికిపోయేది. ఆయన కోప్పడలేదు. మర్నాడు తనంతట తానే, ఆవిడని తోడు తీసుకుని చెవి డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. నరం దెబ్బతిందని, పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. చెవి పక్కనే అంత పదునైన మోత రెండేళ్ళు పెట్టుకోకపోయి ఉంటే మిగిలింది ఇంకొన్నాళ్ళు నిలిచేదని కూడా అన్నాడు. ఆ మాట ఆయనకి సరిగ్గా అందలేదు, "ఏమంటున్నారు?" అని భార్య వైపు తిరిగాడు. ఆవిడ ఒక కాగితం తీసుకుని, డాక్టరు చెప్పింది చెప్పినట్టు అక్షరం వదలకుండా రాసి ఇచ్చింది. ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, ఆవిడ భుజం మీద చెయ్యి వేసి తట్టాడు. ఆ తట్టడం ఆవిడ జన్మలో మరిచిపోలేదు.

గిటారు గోడకెక్కింది. చెవి మెషీనులో మాటలు రేకు డబ్బాలో పలికినట్టున్నాయని దాన్నీ పక్కన పెట్టాడు. ఆకుపచ్చ డబ్బా బ్యాండులోకి కొత్తగా వచ్చిన గిటారావిడకి ఇచ్చేశాడు. ఆవిడ బళ్ళో లెక్కల పంతులమ్మ. ఇప్పుడు ఆయన స్టూలు కిటికీ దగ్గర ఉంది. సాల్డరక్క ఆయనకి కళ్ళతో చేసే పని అప్పజెప్పింది. విడిభాగాల మీది రంగుగీతలు, అంకెలు చూసి, ఏ అరలోది ఆ అరలో వేయడం. ఆయన ఒక్కటీ తప్పు వేయడు. ఇంజనీరు గారూ అని మాత్రం ఇప్పుడు పిలవడు. తన గొంతు తనకే వినబడని మనిషికి వేళాకోళం ఎక్కడినుంచి వస్తుంది?

ఆరు నెలలకి పంతులమ్మ డబ్బా పట్టుకొచ్చింది.

"అక్కా, ఇదంటే నాకు ప్రాణం. కానీ ఈ రెండో కన్నం పాడైనట్టుంది. వైరు పెడితే ఒకటే కీచు. ఎవరికీ పనికొచ్చేది కాదు. తీసేసి మూసేస్తారా?"

ఆవిడ నాలుగు మరలూ విప్పింది. లోపల తన చేత్తో పెట్టిన టంకం ఇంకా మెరుస్తూనే ఉంది. కిటికీ దగ్గర్నుంచి ఆయన తలెత్తి, ఏమిటన్నట్టు గడ్డం ఎగరేశాడు.

"శబ్దం చాలా బాగుందంటోంది!" అని అరిచింది ఆవిడ.

ఆయన ఆవిడ పెదాల వైపే చూశాడు. మాట అందింది. చిన్నగా నవ్వాడు.

"ఎవరిది?" అన్నాడు. "నాదా, నీదా?"

పంతులమ్మకి అర్థం కాలేదు. సాల్డరక్క టంకం కడ్డీ వేడెక్కేదాకా ఆగి, ఆయన దారిలోని కెపాసిటర్ కాళ్ళ దగ్గర టంకం కరిగించింది. అది ఊడి వచ్చింది. కందిగింజంత కూడా లేదు. ఆయన చెయ్యి చాపితే అరచేతిలో పెట్టింది.

ఆయన దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, అంకె చదివి, ఆ అంకె రాసి ఉన్న అరలో వేశాడు. మళ్ళీ తన పనిలో పడ్డాడు.

పంతులమ్మ వెళ్ళిపోయాక ఆవిడ లేచి వచ్చి ఆ అర బయటికి లాగింది. లోపల నూటికి పైగా ఉన్నాయి. చాలాసేపు వేలితో కెలికింది. అన్నీ ఒకేలా ఉన్నాయి.